లారీ షాకుల మార్పు: టీకాతాత్పర్య సహితము

మూలము: "షాకులు పోయినయ్ బాబాయ్. రెండూ మార్చెయ్. బండి దించాకే బిగించు."

అవతారిక: ఇంటి ముంగిట 407 బండిని నిలిపి తానే మరమ్మతునకు పూనుకొన్న యొక యజమానికి, విజయవాడ ఆటోనగరమందలి మేస్త్రీ యొకడు టీ త్రాగుచు నుపదేశించిన వాక్యత్రయ మిది. గ్రంథవిస్తర భీతిచేత గాక, వెనుక మరియొక బండి వేచియుండుటచేతనే యాత డింత సంక్షిప్తముగా పలికెనని మా యభిప్రాయము.

టీక: షాకులు = కుదుపుల నణచు గొట్టములు; పోయినయ్ = దొంగల పాలైనవని కాదు, ఉన్నచోటనే యుండి పని మానినవి; బాబాయ్ = వయోభేదము నెంచక, బేరమునకు ముందు తరచుగా వినవచ్చు సంబోధనము; రెండూ = ఒకే యిరుసునకు కుడి యెడమల నున్న జతను; మార్చెయ్ = క్రొత్తవి వేయుము; దించాకే = చక్రములు నేల నాని బరువంతయు వానిపై బడిన పిమ్మటనే; బిగించు = నట్టును తుదిసారి త్రిప్పుము.

తాత్పర్యము: బరువు మోయునవి కమాను పట్టీలు, వాని యూగులాటను మాన్పునది షాకు. చక్రము గుంతలో దిగి లేచినప్పుడెల్ల గొట్టములోని పిస్టను చమురును సన్నని రంధ్రముల గుండ నెట్టగా, ఆ కదలిక వేడియై గాలిలో గలిసిపోవును. సీలు చిరిగి చమురు కారి, దానిపై దుమ్ము పేరుకొని గొట్టము నల్లబడినదా, ఇక పట్టీల యూపును పట్టువారు లేరు. టైరు నేలను సమముగా నదుమక, అచ్చటచ్చట దొప్పలుగా నరుగును.

విశేషములు: "రెండూ" యనుచోట మితవ్యయపరులు, చమురు కారినదానినే మార్చిన సగము ఖర్చు తప్పదా యని పూర్వపక్షము చేయుదురు. ఒక ప్రక్క చక్రము వెంటనే కుదుటబడగా రెండవది యింకను గంతులిడుచుండ, బ్రేకు వేసినవాని కా పొదుపు యొక్క విలువ తెలియును గావున నది త్యాజ్యము.

"దించాకే" యనుటలోని స్వారస్యము మరింత సూక్ష్మము. షాకు కొసలనున్న రబ్బరు బుష్షు, బిగించినప్పు డేభంగిమలో నుండునో దానినే తన సహజస్థితిగా నెంచును. ఇరుసు వ్రేలాడుచుండగా బిగించినచో, బండి దిగినది మొద లది మెలితిరిగియే యుండి యల్పకాలముననే చిరుగును.

చక్రములకు ముందు వెనుకల దిమ్మలు పెట్టవలెననియు, జాకీ నొక్కదానినే నమ్మి బండి క్రింద దూరరాదనియు, గట్టి స్టాండ్లు నిలుపవలెననియు మూలమున లేదు. అందరెరిగినదే కదా యని వదలెనేమో కాని, ఈ విషయమున మేము మూలకర్తను మన్నింపజాలము.

ఇక పెద్ద లోపము: "బిగించు" మన్నవాడు "విప్పు" మనలేదు. పనియంతయు నక్కడనే యున్నది. బుష్షు నడిమి యినుప గొట్టమును బోల్టును తుప్పు ఏకము చేసియుండ, తీగె బ్రష్షుతో రుద్ది, తుప్పు వదలించు నూనె పోసి, రాత్రియంతయు నాననిచ్చి, మరునాడు పానాకు పొడవాటి పైపు తొడిగి వ్రేలాడవలసివచ్చును. ఆ సమయమున యజమాని నోట వెలువడిన వాక్యములు వ్యాఖ్యాన యోగ్యములే యైనను, ఇంటివారు వినుచుండుటచే వ్రాయసకాండ్రు వానిని విడిచిరి.