చుక్క పెట్టిన సరే

మా మేనకోడలు ఫోన్లో ‘సరే’ అని రాస్తే సరేనని అర్థం. ‘సరే.’ అని చుక్క పెట్టి రాస్తే ఆ పూట ఎవరో ఒకరి మీద అలిగిందని. ‘సరే...’ అని మూడు చుక్కలు పెడితే మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి, తర్వాత నన్ననకండి అని. ఈ తేడాలు ఏ బళ్లోనూ చెప్పరు. అయినా ఆ వయసు పిల్లలందరికీ వచ్చు. పోస్టుకార్డులో చోటు చాలక అంచుల వెంబడి నిలువుగా కూడా రాసుకున్న మా తరానికి మాత్రం ఎంత చెప్పినా రావు.

మా బాబాయిగారికి అసలే రావు. ఆయన హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. సెల్‌ఫోన్లో రాసినా కర్త, కర్మ, క్రియ వరసలో నిలబడాల్సిందే. సంక్రాంతికి స్నేహితురాల్ని కూడా భీమవరం తీసుకురావచ్చా తాతయ్యా అని మేనకోడలు అడిగితే ‘తప్పకుండా రండి.’ అని జవాబిచ్చారు. ఆ పిల్ల దాన్ని పదిసార్లు చదువుకుని నాకు ఫోన్ చేసింది.

“మామయ్యా, తాతయ్యకి కోపం వచ్చిందా?”

“తప్పకుండా రమ్మన్నారుగా!”

“రమ్మన్నారు. కానీ చుక్క పెట్టారు.”

సంగతి బాబాయిగారికి చేరవేశాను. “వాక్యం అయిపోయింది కదరా, చుక్క పెట్టాను. ఇందులో కోపమేమిటి?” అని, పిల్లనే పిలిచి అడిగారు. “కోపమొస్తే మీరు చుక్క పెడతారు, బాగానే ఉంది. మరీ ఎక్కువ కోపమొస్తే ఏం పెడతారమ్మా?”

“ఏం పెట్టం తాతయ్యా. చూసి వదిలేస్తాం.”

ఆయన కాసేపు ఆలోచించి, “ఈ విద్య మీ అమ్మమ్మకి ఫోన్లు రాకముందే వచ్చు” అన్నారు.

పిల్లల చాదస్తమని కొట్టిపారెయ్యడానికి లేదు. 2015లో అమెరికాలో బింగామ్టన్ యూనివర్సిటీవాళ్లు 126 మంది విద్యార్థులకి కొన్ని మెసేజీలు చూపించి, ఒక్క మాటలో ఇచ్చిన జవాబు చివర చుక్క ఉంటే ఎలా అనిపిస్తోందని అడిగారు. చుక్క ఉన్న జవాబు మనస్ఫూర్తిగా ఇచ్చినట్టు లేదన్నారట. అదే జవాబు కాగితం మీద చేత్తో రాసి చూపిస్తే చుక్క ఉన్నా లేకపోయినా ఒకటేనట. అంటే చుక్కలో దోషం లేదు, ఫోన్లోకి వచ్చాకే దానికి బుద్ధి మారింది.

ఇంగ్లీషు సంగతి ఎలా ఉన్నా, తెలుగులో చుక్కకి బుద్ధి మారడానికి వేరే కారణం ఉందని నా అనుమానం. మన భాషలో దానికి మొదట్నించీ పని లేదు. తెలుగు వాక్యానికి క్రియ చివర వస్తుంది. ‘వచ్చాడు’ అనగానే వాక్యం అయిపోయిందని వినేవాడికి తెలిసిపోతుంది. ‘వచ్చి’ అంటే ఇంకా ఏదో ఉందని తెలుస్తుంది. వచ్చి తిని పడుకుని లేచి వెళ్లిపోయాడు అన్నదాంట్లో ఒక్క కామా లేకపోయినా ఎవరికీ ఊపిరాడకుండా పోలేదు. ‘వచ్చాడా’లో దీర్ఘమే ప్రశ్నార్థకం. ఎవరి మాటలు ఎక్కడితో ముగిశాయో ‘అని’ చెబుతుంది. ఇక ‘అట’ ఉందే, అది మన సొత్తు. ఎవరో చెప్పారు, నిజమో కాదో నాకు తెలీదు, రేపు నన్ను సాక్ష్యానికి పిలవకండి అని ఇంత అర్థాన్ని రెండక్షరాల్లో ఇరికించాం. ఇంగ్లీషువాడు దీనికి ఇంకా గుర్తు కనిపెట్టుకోవాలి.

అందుకేనేమో, చిన్నయసూరి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలున్నాయి గాని విరామచిహ్నాలకి ఒక్క పరిచ్ఛేదం లేదు. అంతకుముందు తాటాకుల మీదైతే మాటకీ మాటకీ మధ్య జాగా కూడా వదిలేవారు కాదు. ఆ పద్ధతిలో లాభమూ ఉంది. తిక్కనగారు భారతం చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాసేవాడంటారు కదా. ఒకచోట మాట తోచక తిక్కనగారు ఇప్పుడేం చెప్పేదయ్యా గురునాథా అని తలపట్టుకున్నారట. ఆ మాట కూడా ఛందస్సులోనే పడింది. గురునాథుడు దాన్నీ పద్యంలో కలిపి రాసేశాడు. చూసుకుంటే కురునాథుణ్ణి పిలిచినట్టుగా సంధి కుదిరి, పద్యం పూర్తయింది. కొటేషన్ మార్కులున్న కాలమైతే గురునాథుడు ఆ మాటని బయట పెట్టి కూర్చునేవాడు, పద్యం అక్కడే ఆగేది.

అచ్చుయంత్రాలతోనూ ఇంగ్లీషు చదువులతోనూ చుక్క మన ఇంట్లోకొచ్చి, ఇల్లరికపుటల్లుడిలా పనేమీ చెయ్యకుండా అందరితోపాటు భోంచేస్తూ వచ్చింది. ఫోన్లలో మెసేజ్ పంపే బాణం నొక్కితే వాక్యం అయిపోయినట్టే కనుక దానికి ఆ నామమాత్రపు కొలువూ ఊడింది. ఖాళీగా ఉన్నవాడికి కోపతాపాల శాఖలో ఉద్యోగం దొరికితే పిల్లల్ని తప్పుపడతారెందుకు? ప్రశ్నార్థకమూ అంతే. ‘వచ్చావా’ అంటే ప్రేమ. ‘వచ్చావా?’ అంటే విచారణ. ‘వచ్చావా???’ అంటే పోలీసుస్టేషన్.

పిల్లలకి వ్యాకరణం లేదనేవాళ్లని మా ఇంటికి పంపండి. వాళ్లది చిన్నయసూరి కన్నా కఠినం. ‘హా’ అంటే ఒప్పుకున్నట్టు, ‘హ’ అంటే విన్నానులే అని, ‘హ్మ్’ అంటే ఆ విషయం ఇంతటితో కట్టిపెట్టమని. బహులగ్రహణాలు లేవు, వైకల్పికాలు లేవు. తప్పితే స్నేహాలు తెగిపోతాయి.

ఒక్క విషయంలో మాత్రం పిల్లలు బాబాయిగారిని గెలుచుకున్నారు. పుట్టినరోజు నాడు మేనకోడలు ఆయనకి ‘తాతయ్యాఆఆఆఆ’ అని పంపింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. “ఒరేయ్, ఇది ప్లుతంరా!” అన్నారు. ఒక మాత్ర అయితే హ్రస్వం, రెండైతే దీర్ఘం, మూడైతే ప్లుతం. దూరాన్నించి పిలిచేటప్పుడు ప్లుతం వస్తుందని పాణిని సూత్రమే చేశాడు. హ్రస్వదీర్ఘప్లుతాలు మూడింటికీ ఉదాహరణ చెప్పమంటే వ్యాఖ్యాతలు కోడికూత చెప్పారు. తెలుగులో హ్రస్వానికీ దీర్ఘానికీ అక్షరాలున్నాయి గాని ప్లుతానికి లేదు, బళ్లో చెప్పినన్నాళ్లూ అది పాఠంలోనే ఉండిపోయింది. ఇప్పుడు హైదరాబాదు హాస్టల్లోంచి, దూరాన్నించే, పిలుపులోనే వచ్చింది. ఆ వారమంతా మా గ్రూపులో ఆయన అందరికీ ప్లుతంలోనే శుభోదయాలు చెప్పారు.

అలాగని అన్నీ ఒప్పుకుంటారనుకునేరు. అక్షరదోషం దగ్గర ఆయనకి కన్నకొడుకైనా ఒకటే. ‘అర్ధం అయింది బాబాయ్’ అని మా తమ్ముడు రాస్తే, ‘సగమే అయిందా? మిగతా సగం ఎప్పుడవుతుంది?’ అని జవాబు వస్తుంది. థ పొట్టలో చుక్క పెట్టేదాకా వదలరు. ఆగస్టు 29న, గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజున, ‘తెలుగు బాషా దినోత్సవ శుభాకాంక్షలు’ అని రంగురంగుల బొమ్మలొస్తాయి. భాష కింద ఒత్తు ఉండదు. అదెక్కడికి పోయిందా అని వెతికితే మర్నాడు ఎవరి సంతాప సందేశంలోనో ‘భాదాకరం’లో దొరుకుతుంది. ధ కింద ఉండాల్సింది బ కిందకి జరిగి కూచుంటుంది. “ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియనంత బాధలో ఉన్నాడు పాపం” అంటారు బాబాయిగారు. తెలుగువాళ్లు వాడే ఒత్తుల మొత్తంలో తరుగు లేదు, పంపకంలోనే తేడా అని ఆయన సిద్ధాంతం.

తప్పులు దిద్దేవాళ్లకి శాపం ఒకటుంది. జాన్ బాంగ్‌సుండ్ అనే ఆస్ట్రేలియా ఎడిటరు 1992లో దీన్ని సూత్రంగా రాసిపెట్టాడు. పరుల తప్పులు దిద్దుతూ రాసే రాతలో తప్పొకటి దొర్లి తీరుతుందని. మర్ఫీ సూత్రాన్ని అనుకరించి, ఆ పేరులో అక్షరాలు కావాలనే తారుమారు చేసి ‘మఫ్రీ సూత్రం’ అన్నాడు. మనకిది కొత్త కాదు. గిడుగువారు గ్రాంథికవాదుల మీద వాడిన ఆయుధం ఇదే. వ్యావహారికం రాస్తే భాష చెడుతుందన్న పండితుల పుస్తకాలే ముందేసుకుని, వాళ్ల గ్రాంథికంలో తప్పులు ఏరి చూపించారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అని పుస్తకానికి పేరు పెట్టడంలోనే సగం దెబ్బ తగిలించారు. బాబాయిగారి ఇంట్లో గిడుగువారి ఫొటో హాల్లోనే ఉంటుంది. అయినా ఆయన పని ఆయనదే. నన్నడిగితే కామాల తగువులో నేను పిల్లల పక్షం, ఒత్తుల తగువులో బాబాయిగారి పక్షం. కామా లేకపోతే కొంపలంటుకోవు. ఒత్తు లేకపోతే సగమే అర్థమవుతుంది.

తెలుగుని ఇంగ్లీషక్షరాల్లో రాసేవాళ్ల ఊసు ఎత్తకపోవడమే మంచిది. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో మనవాళ్లు ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాయడానికి ఒక పద్ధతి కట్టారు, ఆర్టీయెస్ అని. ణకి పెద్ద ఎన్, ళకి పెద్ద ఎల్. దేశం కాని దేశంలో కంప్యూటర్ల ముందు కూర్చుని ళ పోకూడదని అంత పట్టుదల. ఫోన్లొచ్చాక పెద్దక్షరం కోసం ఇంకో మీట నొక్కే ఓపిక ఎవరికుంది? మా పిన్ని ఇంగ్లీషక్షరాల్లో కళ్లు నొప్పులన్నదో కాళ్లు నొప్పులన్నదో గాని, ఒకరు కంటి డాక్టరు నంబరు పంపారు, ఇంకొకరు ఎముకల డాక్టరు నంబరు పంపారు, కల్లు అని చదువుకున్న మా అన్నయ్య కొడుకు మాత్రం ‘మానెయ్ నానమ్మా’ అన్నాడు.

రాసే బాధే లేకుండా నోటితో చెప్పేవాళ్లు వేరే జాతి. మా పెద్దమ్మ మైకు బొమ్మ నొక్కి మాట్లాడుతుంది, ఫోను రాసుకుంటుంది. చుక్కలు రావడం లేదని ఎవరో అంటే, చివర ఫుల్‌స్టాప్ అని కూడా నోటితోనే చెప్పడం మొదలెట్టింది. అప్పట్నించీ ఆవిడ క్షేమసమాచారాలు ఇలా ఉంటున్నాయి: ‘మేమంతా బాగున్నాం ఫుల్ స్టాప్ జ్వరం తగ్గింది ఫుల్ స్టాప్ ఆ పాలు పొంగుతున్నాయి చూడవే’. నాకైతే టెలిగ్రాం గుర్తొచ్చింది. అందులోనూ చుక్కకి బదులు స్టాప్ అని మాటే వేసేవారు. 2013 జూలైలో ప్రభుత్వం ఆ సర్వీసు ఆపేసింది గాని పెద్దమ్మ నడుపుతోంది.

ఇక మూడు చుక్కలు. ఇవి మా వయసువాళ్ల జబ్బు. గ్రెచెన్ మెక్‌కలక్ అనే భాషావేత్త 2019లో వచ్చిన తన పుస్తకంలో దీనికి కారణం చెప్పింది. కార్డు మీద ఉన్న కాస్త జాగాలో పేరాలు విడగొట్టలేక, ఒక కబురుకీ ఇంకో కబురుకీ మధ్య చుక్కలు పెట్టుకున్నవాళ్లు ఫోన్లోనూ ఆ అలవాటు మానలేదట. పెద్దవాళ్ల చుక్కలకి ‘ఇంకా ఉంది’ అని తప్ప వేరే అర్థం లేదు. చదివే పిల్లలకి మాత్రం ప్రతి చుక్కలోనూ ఒక నిట్టూర్పు వినిపిస్తుంది.

మా అమ్మాయి పెళ్లయ్యాక రెండు వైపుల వాళ్లకీ కలిపి ఒక గ్రూపు పెట్టారు. మా వియ్యంకులది వరంగల్. మా బావగారూ చుక్కల మనిషే. ఒకరోజు పొద్దున్నే ఆయన దగ్గర్నించి మెసేజ్: ‘మా బాపు పొద్దుగాల్లనే పోయిండు...’

అక్కడ పోయిండంటే వెళ్లాడని. మా వైపు కొట్టుకి వెళ్లినవాణ్ణి కూడా పోయాడనం, నాలిక కరుచుకుంటాం. ఆపైన మూడు చుక్కలు, మాట పెగలక ఆగిపోయినట్టు. క్షణంలో దండాల బొమ్మలు మొదలయ్యాయి. మా వదిన ‘ఓం శాంతి’ పెట్టింది. మా తమ్ముడు ‘చాలా భాదాకరం’ అన్నాడు. ‘పెద్దాయనకి శ్రద్దాంజలి’ అని ఇంకొకరు. నేను ఫోన్ చేద్దామా, బయల్దేరి వెళ్దామా అని చూస్తుండగానే బాబాయిగారు దిగారు. ‘శ్రద్దాంజలి కాదు, శ్రద్ధాంజలి. ద కింద ధ వత్తు.’

అప్పుడు వచ్చింది బావగారి రెండో మెసేజ్. ‘కొమురెల్లికి...’

తర్వాత అయిదు నిమిషాలు గ్రూపంతా ‘ఈ సందేశం తొలగించబడింది’, ‘ఈ సందేశం తొలగించబడింది’. ఓం శాంతి పోయింది, బాధ దాని తప్పుడు ఒత్తుతో సహా పోయింది, దండాలన్నీ పోయాయి. బాబాయిగారిది మాత్రం అలాగే ఉంది. తీసెయ్యండి బాబాయ్ అని ఫోన్ చేసి బతిమాలితే, “నేను రాసినదాంట్లో తప్పుంటే కదరా తీసేది? పైగా తొలగించబడింది ఏమిటి, తెలుగేనా అది?” అన్నారు.

ఈలోగా పెద్దాయన మల్లన్న దర్శనం చేసుకుని బయటికొచ్చి, గుడి ముందు ఫొటో దిగి గ్రూపులో పెట్టారు. నుదుటి నిండా బండారి. పైకి జరిపి చూసుకున్నట్టున్నారు, గొంతుతోనే అడిగారు. “శ్రద్ధాంజలి అని ఉన్నదేంది? ఎవలు కాలం జేసిన్రు?”

మేమంతా ఫోన్లు పట్టుకుని ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే బాబాయిగారు జవాబు కొట్టారు.

‘ఎవరూ లేరండీ. అక్షరదోషం.’