ఇంకా తేల్చుకోలేదండీ!

అమెరికా అధ్యక్షుడు కావాలనుకునేవాళ్లు ముందుగా ఎవరి గుమ్మం ఎక్కాలో తెలుసా? డెబ్బైకి దగ్గరపడ్డ ఓ రిటైర్డ్ సైన్సు మాస్టారి గుమ్మం. గళ్ల ఉన్ని చొక్కా, మంచులో నానీ నానీ రంగు వెలిసిన బూట్లు, చేతిలో కాఫీ. ఊరు న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో నాషువాకి కాస్త అవతల. మూడేళ్లపాటు ఆయన్ని పలకరించే నాథుడుండడు. నాలుగో ఏడు వచ్చేసరికి సెనేటర్లూ గవర్నర్లూ కోటీశ్వరులూ వరసకట్టి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తారు. "మీ ఓటు నాకే కదా?" అని ఆశగా అడుగుతారు. మాస్టారు ఒక గుక్క కాఫీ తాగి, మూతి తుడుచుకుని, నింపాదిగా అంటారు: "ఇంకా తేల్చుకోలేదండీ."

ఈ దర్జా ఆయనకి చట్టం ఇచ్చింది. అధ్యక్ష ఎన్నికకి పార్టీ టికెట్ ఎవరికి దక్కాలో ఓటర్లే ఓటేసి చెప్పే ఏర్పాటు పేరు ప్రైమరీ. న్యూ హాంప్‌షైర్ 1920 నుంచీ దేశంలో అందరికంటే ముందు ఈ ప్రైమరీ జరుపుకుంటోంది. మరెవరూ దాటిపోకుండా, అలాంటి ఎన్నిక ఏ రాష్ట్రం పెట్టుకున్నా దానికి కనీసం ఏడు రోజుల ముందు మాది జరగాల్సిందేనని ఏకంగా చట్టమే చేసుకుంది. ఐయోవా ఇంకా ముందుంటుంది కదా అంటారేమో, అక్కడ జరిగేది కాకస్. డెమొక్రాట్ల కాకస్ అయితే 2020 దాకా సాయంత్రంపూట బడి వ్యాయామశాలలో చేరి, ఒక్కో అభ్యర్థి తరఫున ఒక్కో మూల నిలబడి తలలు లెక్కపెట్టించుకోవడం. "అది ఎన్నికా? డ్రిల్లు పీరియడ్" అని మాస్టారు తీసిపారేస్తారు.

2024లో డెమొక్రాట్ల జాతీయ కమిటీ ఆ మొదటి పీట సౌత్ కరోలైనాకి వేసింది. న్యూ హాంప్‌షైర్ "అలాగా" అని జనవరి 23నే తన ప్రైమరీ పెట్టేసుకుంది. బైడెన్ బ్యాలట్‌లో పేరే పెట్టించుకోలేదు. అయినా ఓటర్లు ఆ పేరు చేత్తో రాసి మరీ గెలిపించారు. మా ఊరు రానివాణ్ని కూడా మేమే గెలిపించామని చెప్పుకోవడానికన్నమాట.

అసలు ఆ నేల తీరే అంత. రాష్ట్రం మొత్తం జనాభా సుమారు 14 లక్షలు. శాసనసభ దిగువ సభలో సభ్యులు 400 మంది. అంటే మూడున్నర వేలమందికి ఒక ఎమ్మెల్యే. జీతం ఏడాదికి వంద డాలర్లు. అందుకని పార పట్టుకుని వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్న ఎదురింటాయన ఎమ్మెల్యే కాకపోయినా ఎమ్మెల్యేగారి బావమరిదైనా అయ్యుంటాడు. చాలా ఊళ్లలో మార్చి నెలలో టౌన్ మీటింగ్ పెట్టి ఊరి బడ్జెట్‌ని జనమే పద్దు పద్దుకీ తేలుస్తారు. రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీ కొత్తది కొనాలా, పాతదానికే మరమ్మతు చేయించాలా అని పొద్దువాలేదాకా వాదించుకునే మనుషులు అణ్వాయుధాల మీట ఎవరిచేతికి ఇవ్వాలో ఒక్కపూటలో తేల్చేస్తారా?

మాస్టారు అభ్యర్థుల్ని చూసే పద్ధతి అచ్చం మన పెళ్లిచూపులే. మొదటిసారి దూరంనుంచి ఓ కంట కనిపెడతారు. రెండోసారి దగ్గర కూర్చుని మాట కలుపుతారు. మూడోసారి వంక వెతకడానికే వెళ్తారు. వంక దొరక్కపోతే మరీ అనుమానం, ఏదో దాస్తున్నారని.

ఈ చూపులకి హౌస్ పార్టీ అని పేరు. ఎవరింటి ముందుగదిలోనో నలభైమంది ఇరుక్కుని కూర్చుంటారు. కాగితం పళ్లేల్లో చీజు ముక్కలు, బిస్కట్లు. సోఫాకీ మేడమెట్లకీ మధ్య మిగిలిన జాగాలో అభ్యర్థి నిలబడాలి. 2019 శీతాకాలంలో ఓ సెనేటర్‌గారు అలా నిలబడి, ప్రజాస్వామ్యం గురించి పావుగంటసేపు మనసు కరిగేలా మాట్లాడారు. మాస్టారు చెయ్యెత్తారు.

"చలికాలం పోయాక మా వీధి నిండా గుంతలు పడతాయండీ. వాటి సంగతేమిటి?"

గుంతలు పూడ్చడం అధ్యక్షుడి పని కాదు. ఆ ముక్క గదిలో నలభైమందికీ తెలుసు, సెనేటర్‌గారికీ తెలుసు. కానీ అన్నారంటే నలభై ఓట్లూ హుళక్కే. "మౌలిక వసతుల మీద నా ప్రణాళికలో..." అని మొదలుపెట్టారు. మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. ఉద్యోగం వదిలినా ఎర్రసిరా వదల్లేదు. రాసుకున్నారు: "అడిగింది గుంత. చెప్పింది ప్రణాళిక. పదికి నాలుగు."

ఈ రాష్ట్రంలో మార్కులు పోగొట్టుకున్న పెద్దలు కొత్తేమీ కాదు. 1976లో పోటీ చేసిన కాంగ్రెస్ సభ్యుడు మో ఉడాల్ తనమీద తనే ఓ కథ చెప్పి నవ్వించేవాడు. బార్బర్ షాపులోకి తలదూర్చి "నా పేరు మో ఉడాల్, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నాను" అంటే, "తెలుసు, పొద్దున్నే ఆ మాట చెప్పుకునే నవ్వుకున్నాం" అన్నాడట బార్బరు. 2016లో జెబ్ బుష్, తండ్రీ అన్నా ఇద్దరూ అధ్యక్షగిరీ వెలగబెట్టిన ఇంటి మనిషి, హానోవర్‌లో మాంచి ఊపుగా మాట్లాడి ఆగాడు. ఎవరూ కదల్లేదు. "దయచేసి చప్పట్లు కొట్టండి" అని నోరు తెరిచి అడగాల్సొచ్చింది. మాస్టారు ఆ సభలో ఉండుంటే ఏం చేసేవారని అడిగితే, "చప్పట్లు కొడితే తేల్చుకున్నట్టు కాదూ?" అంటారు.

ఇక అసలు చర్చ చూడాలంటే డైనర్‌కి వెళ్లాలి. 2020 ఫిబ్రవరి మొదటివారం. డెమొక్రాట్ల టికెట్ కోసం బెర్నీ, బటిజెజ్, వారెన్, యాంగ్, క్లోబుచార్ పోటీపడుతున్న రోజులు. పొద్దున్న ఏడు. కిటికీ పక్క బల్ల దగ్గర మాస్టారు, ఆయన ప్లంబర్ నేస్తం, ఆస్పత్రి ఉద్యోగం విరమించిన ఓ నర్సమ్మ.

"అందరికీ మెడికేర్, అదే సర్కారు ఆరోగ్య బీమా, అంటున్నాడు బెర్నీ. ప్రైవేటు ఇన్సూరెన్సు మొత్తం ఎత్తేస్తాట్ట," అన్నాడు ప్లంబరు.

"ఎత్తెయ్యనీ. నా మోకాలి ఆపరేషన్‌కి ఎన్ని కాగితాలు నింపానో నాకు తెలుసు," అంది నర్సమ్మ.

"మా యూనియన్ ఇన్సూరెన్సు బాగానే ఉందిగా! అదెందుకు వదులుకోవాలి?"

"ఉంచుకునేవాళ్లు ఉంచుకోండనే కదా బటిజెజ్ అంటున్నాడు."

"ఖర్చెవడు పెడతాడు?"

"ఎలిజబెత్ వారెన్ దగ్గర ప్లానుంది."

"ఆవిడ దగ్గర అన్నిటికీ ప్లానుంది. నా భయమల్లా అదే."

ఇంతలో కాఫీ పోస్తున్న అమ్మాయి, "ఆండ్రూ యాంగ్ మనిషికి నెలకి వెయ్యి డాలర్లు ఇస్తానంటున్నాడు," అంది. బల్ల దగ్గర మాట ఆగిపోయింది. ప్లంబరు నాప్‌కిన్ మీద లెక్కేశాడు: మొగుడూ పెళ్లాలకి కలిపి ఏడాదికి 24,000. హీటింగ్ ఆయిల్ బిల్లు పోను బోలెడు మిగులుతుంది. మొహం వెలిగిపోయింది. "దానికోసం పదిశాతం వ్యాట్ వేస్తాట్ట," అంది నర్సమ్మ. అమ్మకం పన్నూ లేదు, జీతం మీద రాష్ట్రం వేసే పన్నూ లేదు ఆ గడ్డ మీద. నాప్‌కిన్ నలిగి ప్లేటు కింద చేరింది.

"మాస్టారూ, మీరేమంటారు?"

"అందరి మాటా సబబుగానే ఉంది. అదే నాకొచ్చిన చిక్కు."

ఎటూ తేలనప్పుడు వీళ్లు 1972కి వెళ్లిపోతారు. ఆ ఏడు సెనేటర్ మస్కీ మాంచెస్టర్‌లో ఓ పత్రిక ఆఫీసు ముందు, కురిసే మంచులో నిలబడి, తన భార్య గురించి ఏదేదో రాశారని మండిపడ్డాడు. చెంపల మీద కారింది కన్నీరా, కరిగిన మంచా అని అప్పుడు మొదలైన వాదన. ప్రైమరీలో మొదటిస్థానం ఆయనదే, కానీ ఆ చెంపల తడి ఆయన్ని ముంచేసింది. ప్లంబరు మంచు పక్షం, నర్సమ్మ కన్నీటి పక్షం. మాస్టారు సంగతి చెప్పేదేముంది?

ఇంట్లోనూ ఇదే వరస. ఫిబ్రవరి 7న మాంచెస్టర్ పక్కనే సెయింట్ ఆన్సెల్మ్ కాలేజీలో జరిగిన టీవీ చర్చ చూసి, ఆయన భార్య అక్కడికక్కడే క్లోబుచార్‌కి జై కొట్టేసింది. "అంత తొందరేమిటి?" అన్నారు మాస్టారు. "నన్ను పెళ్లాడతావా అని అడగడానికి నీకు నాలుగేళ్లు పట్టింది. దేశం అంతకాలం ఆగదు," అందావిడ.

పక్కింట్లో మన తెలుగబ్బాయి ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బి వీసా. ఏ దేశానికైనా ఏడుశాతం మించి ఇవ్వకూడదన్న లెక్కలో ఇరుక్కుని గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. అందరి ప్రణాళికలూ కంఠతా వచ్చు. చర్చ అయిపోయిన పది నిమిషాలకల్లా ఎవరు గెలవాలో, ఎందుకు గెలవాలో ఫెన్సింగ్ అవతలనుంచి గడగడా అప్పజెప్పాడు. మాస్టారు అంతా విని అడిగారు:

"నీకు ఓటుందా, బాబూ?"

"లేదండీ."

"అదీ సంగతి. అందుకే అంత సులువుగా తేల్చేశావు."

ఈ నాన్చుడు వెనక గర్వం లేకపోలేదు. 1952 నుంచి 1988 దాకా న్యూ హాంప్‌షైర్ ప్రైమరీలో గెలవకుండా ఎవరూ అధ్యక్షుడిగా ఎన్నిక కాలేదు. 1968లో ఇక్కడ సెనేటర్ మెకార్తీకి 42 శాతం ఓట్లు పడితే, గెలిచిన అధ్యక్షుడు జాన్సన్ అంతటివాడు ఆ నెల తిరక్కుండానే పోటీనుంచి తప్పుకున్నాడు. ఐయోవావాళ్లు మొక్కజొన్న ఏరుకుంటారు, మేము అధ్యక్షుల్ని ఏరుతామని 1988లో గవర్నర్ జాన్ సునును కోతకోశాడు. ఆ తర్వాత 1992లో క్లింటన్, 2000లో చిన్న బుష్, 2008లో ఒబామా ఇక్కడ రెండోస్థానంలోనే ఉండి అధ్యక్షులైపోయారు. 2020లో బైడెన్ ఐదోస్థానంలో ఉన్నాడు. ఆయనా అయ్యాడు. ఈ రెండో జాబితా మాస్టారి పుస్తకంలోకి ఎక్కలేదు.

ఓటు రోజు చూడాలి ఆయన్ని. మాస్టారిది ఏ పార్టీ కాదు, ఓటర్ల జాబితాలో 'అన్‌డిక్లేర్డ్'. అలాంటివాళ్లు బూత్‌కి వెళ్లి ఏ పార్టీ బ్యాలట్ అడిగితే అప్పటికి ఆ పార్టీవాళ్లు. ఓటేసి బయటికొస్తూ ఇంకో కాగితం మీద సంతకం గీకితే మళ్లీ ఎవరికీ చెందనివాళ్లు. 2020 ఫిబ్రవరి 11న మాస్టారు డెమొక్రాట్ల బ్యాలట్ తీసుకున్నారు. వెయ్యి డాలర్లు కడితే చాలు, పేరు ఎక్కేస్తుంది. అందుకే దానిమీద 33 పేర్లు. 2016లో అయితే తలమీద బూటు బోర్లించుకుని తిరిగే వర్మిన్ సుప్రీమ్ పేరు కూడా ఉంది. గెలిపిస్తే తలా ఒక పొట్టి గుర్రం ఇస్తానన్నాడు. మాస్టారు అతన్నీ తేలిగ్గా తీసెయ్యలేదు. "గుర్రానికి గడ్డెవరు పెడతారో చెప్పలేదు" అని పదికి మూడేశారు.

మర్నాటికి అభ్యర్థులు నెవాడా దారి పట్టారు. ఫోను మోగడం మానేసింది. "ఇంతకీ ఎవరికి వేశారు మాస్టారూ?" అని ప్లంబరు అడిగాడు.

"వెయ్యడమైతే వేశాను. తేల్చుకోవడమే ఇంకా అవలేదు."

నూటికి తొంభైమంది దాకా తెల్లవాళ్లే ఉన్న ఓ చిన్న రాష్ట్రం దేశమంతటికీ ముందు ఎందుకు మాట్లాడాలన్న ప్రశ్న న్యాయమైనదే. మాస్టారి దగ్గర దానికి సరైన జవాబు లేదు. కానీ ఆయన నాన్చుడుకి ఒక విలువుంది. టికెట్ ఇచ్చేముందు ప్రశ్న అడిగే హక్కు ఆయనది. మన దగ్గర టికెట్ ఎవరికో ఢిల్లీలో తేలుతుంది, లేదా అధినేతగారి ఇంట్లో తేలుతుంది. బీ-ఫారం చేతికొచ్చాకే అభ్యర్థి మన వీధిలోకి వస్తాడు, అదీ ఓపెన్ టాప్ జీపు మీద నిలబడి, దండాలు పెడుతూ. ఆ జీపుని ఆపి ఒక్క గుంత గురించి అడిగి చూడండి. ప్రణాళిక చెబితే పదికి నాలుగు మించి వెయ్యకండి.