పై షడ్జమం తులమెంత?

(ప్రొద్దుటూరులో ఒక నగల అంగడి. గద్దె మీద షావుకారు. పక్కన పులివెందుల నుంచి దిగిన రీల్స్ మేనల్లుడు. జమ్మలమడుగు హార్మోనియం మాస్టరు కుదువపెట్టిన గొలుసుకు వడ్డీ కట్టను వచ్చినాడు.)

షావుకారు: రా మాస్టరూ! మావోడు దసరాకు అమ్మవారిశాల కాడ పాడాలంట. పై స్థాయికి పోతే గొంతు కీచుమంటాంది. బాగుచేయను ఎంతయితాది?

అల్లుడు: దినామూ తేనె, మిరియాలు, కలకండ తింటానే ఉండా మాస్టరూ.

మాస్టరు: పాడేది నువ్వా, నీ కడుపా? మింగింది అన్నవాహికలోకి పోతాది నాయనా, స్వరపేటిక మీదికి కాదు. తప్పి అటు పోయిందా, పొలమారి దగ్గుతావు. నీళ్లు బాగా తాగు, ఆవిరి పట్టు. సరేగానీ, ఏ శ్రుతిలో పాడతాండావు?

అల్లుడు: నాలుగులో.

మాస్టరు: ఒకటిన్నరకు దించు.

షావుకారు: ఇరవై రెండు క్యారెట్ల అంగట్లో కూచోని ఒకటిన్నర అంటావా! నలుగురిలో నామోషీ గాదూ?

మాస్టరు: మగగొంతులు శానావరకు ఒకటి, ఒకటిన్నరలోనే సుఖంగా పలుకుతాయి. ఒకటి శ్రుతిలో షడ్జమానికి స్వరతంత్రులు సెకనుకు సుమారు 130 సార్లు కదులుతాయి, పై షడ్జమానికి 260. దానికి అవి సాగి పలచబడాల. మీ కంసాలి కమ్మచ్చులో తీగను ఒక్క గుంజున లాగుతాడా? మీవోడు మెడనరాలు బిగబట్టి గుంజుతాండాడు.

షావుకారు: మరి మైకుల్లేని కాలంలో నాటకాలోళ్లు ఎట్ల పాడినారబ్బా?

మాస్టరు: 1885లో మన సురభిలో కీచకవధ ఆడినప్పుడు మైకు యాడిది? ఆఖరి వరస దాకా వినపడాలంటే గొంతెత్తక తప్పదు. మైకొచ్చినాకైనా దించచ్చు గదా! జనం వన్స్ మోర్ అంటాంటే దించేదెవరు? పద్యానికి అన్ని రాగాలు వద్దురా అని తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ మొత్తుకున్నాడు. ఆ వన్స్ మోర్ కేకల్లో ఆయన మాట ఎవరికీ వినపడలే.

అల్లుడు: ఇవన్నీ ఎందుకు మాస్టరూ, యాపులో వేస్తే శ్రుతి అదే సరిపోతాది.

మాస్టరు: రీలుకు సరిపోతాది. అమ్మవారిశాల కాడ నీకు ఊపిరి యాపు పోస్తాదా?

షావుకారు: అదంతా పక్కనపెట్టు. దసరాకు పది దినాలుంది. పది దినాల్లో పై షడ్జమం పలికిస్తే ఎంత?

మాస్టరు: తెల్లారుజామున లేసి మంద్రస్థాయిలో అకార సాధకం. ఆరునెల్లు పైస్థాయి జోలికి పోగూడదు.

షావుకారు: పైకి ఎక్కించమంటే కిందికి దింపుతాండావే! ఇదేం బేరమయ్యా? ఒరే అల్లుడా, పెద్ద స్పీకర్లు రెండు ఎక్కువ పెట్టమని చెప్పిరాపో.

మాస్టరు (వడ్డీ రసీదు మడిచి జేబులో పెట్టుకుంటా): అట్లనే కానీ. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి, మూడు వారాలైనా విడవకుంటే మాత్రం నా హార్మోనియం కాడికి రావాకండి. చెవి ముక్కు గొంతు డాక్టరు కాడికి పోండి.