రాయ్‌పూర్‌లో చిరాకు ఎవరికి?

2025 సెప్టెంబరులో రాయ్‌పూర్ నగరానికి ఉన్నట్టుండి సిగ్గు ముంచుకొచ్చింది. 21వ తేదీన ఊరి శివార్లలో ‘న్యూడ్ పార్టీ’ అంటూ ఫోన్లలో ఓ పోస్టరు తిరిగింది. ఇంకేముంది, కాంగ్రెస్ వాళ్లు బీజేపీ ప్రభుత్వం మీద విరుచుకుపడ్డారు. సంస్కృతి కాపలాదారులు గొంతు చించుకున్నారు. పోలీసులు నిర్వాహకులను ముందే పట్టుకుపోయారు. పార్టీ జరగనే లేదు, ఒక్కడి చొక్కా గుండీ కూడా ఊడలేదు. అయినా రాష్ట్రం పరువు మొత్తం ఊడిపోయిందన్నారు.

ఆ నిర్వాహకుల మీద నాకు జాలేమీ లేదు. ఒంటిని ఉన్నదున్నట్టుగా ఒప్పుకోవడం వేరు, దాన్ని ఫాంహౌస్ సరుకుగా అమ్మడం వేరు. నాకు నవ్వొచ్చింది వాళ్లను చూసి కాదు, వాళ్లను తిట్టిన వాళ్ల నోట వచ్చిన మాట విని: ‘ఇది మన సంస్కృతి కాదు, పడమటి దేశాల రోగం.’

రాయ్‌పూర్ నుంచి నలభై అయిదు కిలోమీటర్లు వెళ్తే రాజిమ్. మహానది, పైరీ, సోంఢూర్ కలిసే చోటు. మహాశివరాత్రికి అక్కడ నాగసాధువులు ఒంటి నిండా విభూతి తప్ప నూలుపోగు లేకుండా ఊరేగుతూ స్నానానికి దిగుతారు. ఆడా మగా పిల్లా మేకా గట్టున నిలబడి దండం పెడతారు. ఎవరి చూపూ చెడిపోదు. డోంగర్‌గఢ్ చంద్రగిరిలో దిగంబర జైన ఆచార్యుడు విద్యాసాగర్ మహారాజ్ 2024 ఫిబ్రవరి 18న సల్లేఖన వ్రతంతో దేహం చాలించారు. రాష్ట్ర ప్రభుత్వం సంతాపం ప్రకటించింది. అంతకు మూడు నెలల ముందు సాక్షాత్తూ ప్రధాని వెళ్లి ఆయన ముందు చేతులు జోడించారు. అది సబబే. కవర్ధా దగ్గర భోరమ్‌దేవ్ గుడి గోడల మీద వెయ్యేళ్ల నాటి మిథున శిల్పాలున్నాయి. ‘ఛత్తీస్‌గఢ్ ఖజురహో’ అంటూ టూరిస్టులను పిలుచుకుంటున్నాం. అంటే బట్టల్లేని మనిషిని చూసినా చెదరని కన్ను మనకుంది. కాకపోతే ఆ కన్ను ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో పైనుంచి ఆర్డరు రావాలి.

పడమటి రోగమంటారా? ఆ కథ ఇంకా బావుంటుంది. బట్టలు లేకుండా కలిసి తిరిగే క్లబ్బుల్లో చరిత్రకెక్కిన మొదటిది పుట్టింది జర్మనీలోనో ఫ్రాన్సులోనో కాదు. 1891లో, మన ఠాణేలో. పెట్టినవాడు చార్లెస్ క్రాఫర్డ్ అనే తెల్లదొర, ఉద్యోగం జడ్జీ! సభ్యులు ముచ్చటగా ముగ్గురు. కోటూ టై బిగించుకునే దేశం నుంచి వచ్చినవాడికి ఒళ్లు విప్పుకునే ధైర్యం ఇక్కడే దొరికింది. ఆ దొరల దగ్గర నేర్చుకున్న సిగ్గునే మనం ఇప్పుడు వేదకాలం నాటిదని చెప్పుకుంటున్నాం.

సరే, పార్టీ సంగతి వదిలేద్దాం. అదే రాయ్‌పూర్‌లో 2023 జూలై 18న నిజంగానే బట్టలు విప్పారు. అసెంబ్లీ వర్షాకాల సమావేశాల మొదటి రోజు. ఎస్సీ, ఎస్టీ యువకులు దిసమొలలతో, చేతుల్లో ప్లకార్డులతో పట్టపగలు అసెంబ్లీ దారిలో పరుగెత్తారు. పక్కనే పెద్దల కార్లు పోతున్నాయి. దొంగ కుల ధ్రువపత్రాలు చూపించి తమ వాటా ఉద్యోగాలు కొట్టేశారని, అలాంటి కేసులు 267 ఉన్నాయని, తీసేయమని ఆదేశాలిచ్చినా వాళ్లు కుర్చీల్లోంచి కదల్లేదని వీళ్ల గోడు. అర్జీలు ఇచ్చారు, నిరాహార దీక్ష చేశారు. ఎవరూ తలెత్తి చూడలేదు. చొక్కా, ప్యాంటు తీసేసరికి దేశమంతా చూసింది. అప్పుడు ప్రభుత్వం కాంగ్రెస్‌ది. అరెస్టులు చకచకా జరిగిపోయాయి.

హైదరాబాదులో 1965లో మన కవులు కొందరు దిగంబర కవులమని పేరు పెట్టుకున్నారు. పాపం, పంచెలు, ప్యాంట్లు మాత్రం వదల్లేదు. కవిత్వం దాకా ఆగిన ఆ పనిని రాయ్‌పూర్ కుర్రాళ్లు నడిరోడ్డు మీద, సొంత ఒంటితో చేసి చూపించారు.

వాళ్ల మీద పెట్టిన కేసుల్లో అశ్లీలత సెక్షను ఒకటి, పాత ఐపీసీ 294. ఆ సెక్షన్లో ఓ తమాషా ఉంది. బహిరంగంగా అశ్లీల చేష్ట చేస్తే సరిపోదు, దానివల్ల ఇతరులకు చిరాకు కలగాలి. మరి ఆ రోజు చిరాకు పడిందెవరు? కూలికి పోయేవాళ్లా? గట్టున నిలబడి నాగసాధువుకు దండం పెట్టిన జనం రోడ్డు పక్కన నిలబడి కుర్రాణ్ణి చూసి కళ్లు మూసుకున్నారంటే నేను నమ్మను. చిరాకు పడింది ఏసీ కార్లో కూర్చున్న ఖద్దరు. ఆ ఒంటి మీద పుండు ఉందనీ, దాన్ని చూపించడానికే బట్టలు తీశారనీ తెలిసినవాళ్లకే అది అశ్లీలంగా కనిపించింది.

సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది, నగ్నంగా ఉన్న బొమ్మ అయినంత మాత్రాన అశ్లీలం కాదు, సందర్భం చూడండి అని. మన పెద్దలూ సందర్భమే చూస్తారు లెండి. మొక్కుబడికైతే పుణ్యం, టూరిజానికైతే వారసత్వం, పోస్టరైతే సంస్కృతి నాశనం, హక్కుల కోసమైతే క్రిమినల్ కేసు.

అయ్యా ఛత్తీస్‌గఢ్ ఏలికలారా, ఏ పార్టీ వారైనా సరే, ఒక్క మనవి. పరువు గురించి ఈసారి మైకు అందుకునే ముందు, ఆ 267 మంది పేర్ల ఎదుట ఎవరు కుర్చీ దిగారు, ఎవరు ఇంకా జీతం తీసుకుంటున్నారు, ఎవరు పింఛనుతో ఇంటికి పోయారు అన్నది ఒక్క కాగితం మీద రాసి అసెంబ్లీ గేటుకు అంటించండి. అది చదివాక ఎవరికి సిగ్గేస్తుందో జనమే చెబుతారు.