సింకు మీది ఎల్ఈడీ దీపానికి బహిరంగ లేఖ

వంటింటి ఎల్ఈడీ దీపమా,

నీ వెలుగు మీద నాకు ఫిర్యాదు లేదు. కరెంటు తక్కువ కాలుస్తావు, ఆ మాట నిజమే. నా గొడవంతా నీ లోపలున్న చవకబారు డ్రైవర్ సర్క్యూట్‌తో. నీ స్విచ్ వేయగానే హాల్లో టీవీలో 8వ ఛానల్ చెదిరిపోతుంది. మొహాలు గళ్లు గళ్లుగా విరుగుతాయి, మాట మధ్యలోనే తెగుతుంది, ఆపైన నల్లటి తెర. స్విచ్ తీస్తే క్షణాల్లో అంతా మామూలే. మిగతా ఛానళ్ల జోలికి నువ్వు పోవు. అందుకే నీ మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

మేముండేది డాలస్‌కు ఉత్తరాన, ఫ్రిస్కోలో. టీవీ టవర్లు నగరానికి అవతల, దక్షిణాన సీడర్ హిల్‌లో ఉన్నాయి. 60 కిలోమీటర్ల పైమాటే. అంత దూరం నుంచి వచ్చేసరికి బాగా బలహీనపడే సిగ్నల్‌ని కిటికీ దగ్గరి యాంటెనా ఎలాగో అందుకుంటుంటే, పక్క గదిలోంచి నువ్వు దాని మీద రొద కుమ్మరిస్తావు.

8 మీదే ఎందుకంటావా? ఏబీసీ కార్యక్రమాలు ఇచ్చే ఆ డబ్ల్యూఎఫ్ఏఏ ఇప్పటికీ వీహెచ్‌ఎఫ్‌లో, 180-186 మెగాహెర్ట్జ్ మధ్య ప్రసారమవుతోంది. ఫాక్స్, ఎన్‌బీసీ, సీబీఎస్ స్టేషన్లు 470కి పైన, యూహెచ్‌ఎఫ్‌లో ఉన్నాయి. కరెంటును సెకనుకు వేలసార్లు ఆపి వదిలే నీబోటి డ్రైవర్ల రొద కింది ఫ్రీక్వెన్సీల్లోనే ఎక్కువ. దానికి తోడు, గోడకు అంటించే పల్చటి యాంటెనాల్లో చాలావాటికి వీహెచ్‌ఎఫ్ అంతంతమాత్రంగానే అందుతుంది. అనలాగ్ రోజుల్లో తెర మీద చుక్కలు పడినా బొమ్మ ఆనేది, గురగురలోంచే వార్త వినపడేది. 2009 జూన్ 12తో ఇక్కడ పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు ఆగిపోయాయి. డిజిటల్‌లో ఆ సర్దుబాటు లేదు. రొద కన్నా సిగ్నల్ తగినంత పైనుంటే నిఖార్సయిన బొమ్మ, లేకపోతే ఏమీ లేదు.

ఏదో సీరియల్ పోతే పోయిందని ఊరుకునేవాణ్ణి. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ టోర్నడోల భయం. సాయంత్రం మబ్బు కమ్ముతుంది, ఇంటర్నెట్ పోతుంది. యాంటెనాకు దానితో పనిలేదు. 8లో వాతావరణ నిపుణుడు రాడార్ మ్యాపు మీద ఎర్రగీత గీసి, గాలి ఏ కౌంటీ మీదుగా ఏ ఊరివైపు కదులుతోందో చెబుతుంటాడు. ఊరి నుంచి వచ్చిన మా అమ్మకు ఆయన ఇంగ్లీషు అందదు. గరిటె చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ గీత లోపల మన ఊరు పడిందా లేదా అని మ్యాపులో వెతుక్కుంటుంది. పొయ్యి మీద కూర ఉన్న వేళ కాబట్టి నువ్వూ వెలుగుతూనే ఉంటావు. సరిగ్గా అప్పుడే మ్యాపు ముక్కలైపోతుంది. ఇది నేను క్షమించలేను.

నీ తప్పుకు జనం యాంటెనా మీద డబ్బు తగలేస్తున్నారు. అట్టపెట్టె మీద వందల మైళ్లని రాసినది కొంటారు, భూమి గుండ్రంగా ఉందన్న సంగతి దానికి పట్టదు. ఆంప్లిఫయర్ తగిలిస్తారు, అది సిగ్నల్‌తో పాటు నీ రొదనూ పెంచుతుంది. మా వీధిలో తెలుగువాళ్లందరికీ చెబుతున్నాను: బ్యాటరీ రేడియోను ఏఎంలో స్టేషన్ లేనిచోట పెట్టి, ఒక్కో దీపం దగ్గరికి తీసుకెళ్లండి. ఎక్కడ జుయ్యిమని గట్టిగా మోగితే ముందు అక్కడ అనుమానించండి. ఆ దీపం ఆర్పి టీవీ చూస్తే సంగతి తేలిపోతుంది.

నీలాంటివి ప్రసారాలకు హాని చేయకూడదని అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పార్ట్ 15 నిబంధనల్లో ఉంది. నిన్ను తయారుచేసినవాళ్లు లోపల మంచి ఫిల్టర్ పెట్టి ఉంటే ఈ ఉత్తరం అవసరమే పడేది కాదు. కాసిని సెంట్లు మిగుల్చుకున్నారు.

యాంటెనాను దక్షిణపు కిటికీకి మార్చాను. రెండు కడ్డీలనూ చెరో 40 సెంటీమీటర్లు లాగి, అడ్డంగా పరిచాను. 8కి ఆ పొడవు సరిపోతుంది. నీ చోట రొద పెట్టని వేరే దీపం బిగించాను. రేపు నిన్ను దుకాణంలో తిరిగి ఇచ్చేస్తున్నాను. కారణం అడిగే గడిలో "బాగా వెలగడం లేదు" అని రాయను. టీవీ ప్రసారాన్ని చెడగొడుతోందని రాస్తాను, ఛానల్ నంబరుతో సహా.

ఇట్లు,
8వ ఛానల్ ప్రేక్షకుడు