దుబారా మీద దండయాత్ర: కాలనీ సంఘాలకు కొన్ని మెలకువలు

పన్నులు తగ్గించాలనీ, ప్రభుత్వ దుబారా ఆపాలనీ మీ కాలనీలో ఉద్యమం మొదలెడుతున్నారా? చాలా సంతోషం. ముందు ఫ్లెక్సీ కొట్టించండి, విషయం తర్వాత చూసుకోవచ్చు. అధ్యక్షుల వారి ఫొటో నిలువెత్తున, కార్యదర్శిది నడుం దాకా, మిగతా కార్యవర్గానివి కింద వరసగా తలకాయలు మాత్రమే. ‘పన్ను’ అన్న మాట ఓ మూల పడితే చాలు. సెంటర్లో కట్టేటప్పుడు మున్సిపాలిటీకి రుసుము కట్టాలని ఏ చాదస్తుడైనా గుర్తుచేస్తే, మనం పోరాడేదే పన్నుల మీద కదండీ అని నోరు మూయించండి.

ఇక డిమాండ్లు. పన్నులు తగ్గాలి, రోడ్డు పడాలి, డ్రైనేజీ కట్టాలి, కుళాయి రెండు పూటలా రావాలి. ఈ నాలుగూ గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగినవాణ్ణే వక్తగా పెట్టుకోండి. మధ్యలో ఆగాడంటే జనం ఆలోచనలో పడతారు.

దుబారాకు ఉదాహరణలు ఎంత దూరానివైతే అంత మంచిది. విశాఖ రుషికొండ మీది ప్రభుత్వ భవనాలు బ్రహ్మాండంగా పనికొస్తాయి, మీ వీధిలో ఎవరికీ అక్కడ సబ్ కాంట్రాక్టు లేదు కాబట్టి. పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులు వేసి, హైకోర్టు తీసేయమంటే 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి, అక్కడా కాదనిపించుకుని మళ్లీ వేరే రంగు పూసిన వ్యవహారం ఉంది. 2019 జూన్‌లో ప్రజావేదిక అనే ప్రభుత్వ సమావేశ మందిరాన్ని కూలగొట్టడం ఉంది. ఇవన్నీ ఒక పార్టీ హయాంవి. రెండో పార్టీవి కావాలంటే, ఒకే రాజధాని శంకుస్థాపనలకు 2015లో ఒకసారీ 2025లో ఇంకోసారీ ప్రధానిని రప్పించి పెట్టిన భారీ సభలున్నాయి. మీది ఏ పార్టీ అయితే అవతలి పార్టీవి ఎత్తుకోండి. రెండు వైపులవీ చెబుతానని పట్టుబట్టే తిక్కమనిషి ఒకరు ప్రతి కాలనీలోనూ ఉంటారు. ఆయనకు టీలు, సమోసాల బాధ్యత అప్పగించండి.

సభలో చీరాల–పేరాల పన్నుల ఉద్యమం ప్రస్తావన తప్పనిసరి. దాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి ఫొటోకు దండ వేయండి, కథ మాత్రం పూర్తిగా చెప్పకండి. చెబితే ఇబ్బంది. రెండూళ్లనూ కలిపి మున్సిపాలిటీ చేసేసరికి ఏడాదికి 4,000 రూపాయలుండే పన్నుల భారం 40,000 దాకా ఎగబాకింది. మాకీ మున్సిపాలిటీయే వద్దన్న జనం 1921లో ఇళ్లు వదిలేసి, పదమూడు వేల మందికి పైగా, దాని పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. హద్దుల్లో మనిషే లేకపోతే పన్నెవరి మీద వేస్తారన్నది వాళ్ల లెక్క. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి ఎండకూ వానకూ అక్కడే ఉన్నారు. దుగ్గిరాలను జైల్లో పెట్టారు. చివరికి ఉద్యమం చల్లారింది, మున్సిపాలిటీ నిలిచింది. ఇదంతా విన్నాక వెనక వరసలోంచి ఏ కుర్రాడో లేచి ‘అయితే మనం కూడా...’ అన్నాడనుకోండి, డూప్లెక్సు వదిలి పాకలోకి ఎవరొస్తారండీ? దండ వేసిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోమనండి, ఇరవై నాలుగు గంటలు ఉంటుంది.

చెత్త పన్ను గెలుపును మీ ఖాతాలో వేసుకోవడం మరచిపోవద్దు. 2021లో వచ్చింది, పట్టణాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా వసూలు చేశారు, జనం తిట్టుకున్నారు, 2024 అక్టోబరు 2న రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి మచిలీపట్నంలో ప్రకటించారు. మీరేం చేశారని ఎవరూ అడగరు. అయితే చెత్త బండి ఇప్పటికీ వీధిలోకి వస్తోంది కదా, దాని డీజిలుకూ డ్రైవరు జీతానికీ డబ్బు ఏ పద్దు కింద తీస్తున్నారు, ఆ మేరకు దేనికి కోత పడింది అన్న ప్రశ్న మాత్రం లేవనీయకండి. పెట్రోలు మీద వ్యాట్ సంగతీ అంతే. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు ఎలాగూ మాట్లాడతారు, మీకెందుకు శ్రమ?

సొంత ఇంటి పన్ను దగ్గర కొంచెం లౌక్యం కావాలి. మూడంతస్తులు కట్టి రికార్డులో ఒకటే ఉంచుకున్నవాణ్ణి, కింద మూడు షాపులు అద్దెకిచ్చి మొత్తం సొంత నివాసమేనని రాయించుకున్నవాణ్ణి ఉద్యమంలో ముందు పెట్టండి. పన్ను బాధ వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్నంతా కడితే 5 శాతం రాయితీ ఇస్తారు. అది అమాయకుల కోసం. మీరు బకాయి పెట్టండి. నెలకు 2 శాతం వడ్డీ పేరుకున్నా కంగారొద్దు, ఎన్నికల ముందో ఆర్థిక సంవత్సరం చివర్లోనో వడ్డీ మాఫీ ప్రకటన రాకపోదు. ఏటా టంచనుగా కట్టే రిటైర్డ్ మాస్టారు దాన్ని పేపర్లో చదువుకుని ఊరుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలని యువకులు గొడవ చేస్తారు. పెట్టనివ్వండి, కానీ రాసేది మీరే రాయండి. ‘మున్సిపాలిటీలో ఇంత అవినీతి ఎందుకు? ప్రజాధనం ఎందుకు వృథా అవుతోంది? బాధ్యులెవరు?’ అని నిలదీయండి. చట్టం ప్రకారం వాళ్లు ఇవ్వాల్సింది రికార్డులో ఉన్నదే తప్ప మీ ‘ఎందుకు’లకు జవాబు కాదు. కాబట్టి 30 రోజులకు ఒకటిన్నర లైన్ల ఉత్తరం వస్తుంది: మీరు కోరినది సమాచారం నిర్వచనం కిందికి రాదు. దాన్ని ప్రెస్‌మీట్‌లో చూపించి మండిపడొచ్చు. చూడండి, ఎంత శుభ్రంగా అయిపోయిందో.

పొరపాటున కూడా ఇలా రాయకండి: ‘మా వీధిలో నిరుడు వేసిన సీసీ రోడ్డు అంచనా నకలు, ఎం-బుక్ పేజీల నకళ్లు, చెల్లించిన బిల్లు నకలు ఇప్పించగలరు.’ దీనికీ ఫీజు పది రూపాయలే. కానీ ఈ మూడు కాగితాలూ చేతికొస్తే కథ అడ్డం తిరుగుతుంది. అంచనాలో ఆరంగుళాల మందం అని ఉంటుంది. ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో ఇంజినీరు కొలిచి అంతా సరిపోయిందని సంతకం పెట్టి ఉంటాడు. కుళాయి పైపు కోసం ఆర్నెల్లకే అదే రోడ్డును అడ్డంగా కోసి ఉంటారు గనక, ఆ కోసిన అంచు దగ్గర కూర్చుని ఎవరైనా టేపు పెట్టొచ్చు. నాలుగంగుళాలు తేలితే ఏం చేస్తారు? పైగా చట్టంలో సెక్షన్ 2(జె) అని ఒకటుంది. పనిని స్వయంగా వెళ్లి చూడొచ్చు, వాడిన సామాన్ల నమూనాలు ధ్రువీకరించి ఇమ్మని అడగొచ్చు. అంటే రోడ్డు ముక్క సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చన్నమాట! అప్పుడు, టెండరు పిలవక్కర్లేకుండా ఒకే రోడ్డును ఎన్ని ముక్కల పనులుగా చీల్చారో, అవి ఎవరి పేరున వెళ్లాయో కూడా బయటపడుతుంది. ఆ కాంట్రాక్టరు మన కోశాధికారి గారి తోడల్లుడని తేలితే ఉగాది సంబరాలకు చందా ఎవరిస్తారు?

చివరిగా వినతిపత్రం. ఎమ్మెల్యే గారి ఇంటికి పొద్దున్నే పదిమంది కలిసి వెళ్లండి. మొదటి పేజీలో ఇంటి పన్ను పెంపు ఉపసంహరించాలనీ, వృథా ఖర్చులు అరికట్టాలనీ ఘాటుగా ఉండాలి. రెండో పేజీలో మన కాలనీ ముఖద్వారానికి ఆర్చి, పక్కన కమ్యూనిటీ హాలు, పార్కులో విగ్రహం, ఎల్‌ఈడీ దీపాల ఫౌంటెన్ అడగండి. ఆయన మొదటి పేజీ తిప్పేసి రెండోది చదువుతారు. పీఏను పిలిచి ‘అంచనాలు వేయించండి’ అంటారు. అక్కడే శాలువా కప్పేసి ఫొటో దిగండి. ఆర్చి శిలాఫలకం మీద అధ్యక్షుడి పేరు కింద కార్యదర్శి పేరు రావాలా, కోశాధికారి పేరు రావాలా అన్నది మాత్రం ఇంటి దగ్గరే తేల్చుకుని బయల్దేరండి. ఎమ్మెల్యే గారి వరండాలో తగువు పడితే బాగోదు.