మొదలంటా దించిన ఆరె

బెంజి సర్కిల్ దగ్గర బస్సు దిగుతూ కడ్డీ పట్టుకున్నాను. మణికట్టు ఉన్నట్టుండి తేలికైంది. చూసేసరికి నాన్న హెచ్ఎంటీ గడియారం రోడ్డు మీద బోర్లా పడి ఉంది. అద్దం పగిలింది. బాగుచేసే ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని చూసి, లోపల బ్యాలెన్స్ స్టాఫ్ విరిగిందన్నాడు. నాన్న పోయాక ఆయన వస్తువంటూ నా ఒంటి మీద ఉన్నది అదొక్కటే. దాని పట్టీ కొన్నది కాదు. నాలుగు నెలల ముందు నేనే మేకతోలు కోసి, నేనే కుట్టాను.

తోలు నాసిరకమై తెగలేదు. దారమూ తెగలేదు. గడియారం చెవుల్లో ఇరికించే పుల్లను పట్టి ఉంచడానికి పట్టీని మడిచి, ఆ మడత కింద అడ్డంగా ఒక వరస కుడతారు. సరిగ్గా ఆ వరస వెంబడి, తపాలా బిళ్ల చింపినట్టు చిరిగింది.

ఆ రాత్రి స్కేలు పెట్టి కొలిచి ఉంటే సంగతి అప్పుడే తెలిసేది. ఇలాంటి కుట్టుకు ముందు తోలును పొడిచే పనిముట్టు ఆరె. దాని అడ్డుకోత పేకముక్క మీది డైమను గుర్తులా ఉంటుంది. దాని రెండు అంచులూ తోలును కోస్తాయి. కాబట్టి పడేది గుండ్రటి చిల్లు కాదు, గాటు. ఆ గాటు కుట్టు వరసకు ఏటవాలుగా పడాలి. అప్పుడే గాటుకూ గాటుకూ మధ్య తోలు మిగులుతుంది, కుట్టు కూడా అందంగా ఒరుగుతుంది. నేను ఆరెను వరస వెంబడే నిలిపి పొడిచాను. పట్టీ వెడల్పు 18 మి.మీ. మూడేసి మిల్లీమీటర్ల ఎడంతో ఆరు గాట్లు. ఒక్కో గాటు 2.4 మి.మీ. అంటే 18లో 14.4 మి.మీ. తోలును కుట్టే పేరుతో నేనే కోసేశాను. మిగిలిన 3.6 మి.మీ. మీద నాన్న గడియారం నాలుగు నెలలు వేలాడింది.

ఈ లెక్క నేను వేసుకోలేదు. ఆరె లావుగా ఉంది, అందుకే ఇలా జరిగిందని తీర్మానించుకున్నాను. అక్కణ్నుంచి ఏడాది పాటు నేను చేసిందంతా ఆ ఒక్క తప్పుడు తీర్మానం వెంట నడవడమే.

ముందు సన్నటిది ఒకటి తెప్పించాను. తర్వాత ఇంకా సన్నటిది. మూడోది వచ్చిన వారానికే కొస విరిగి నా చూపుడువేలిలో దిగింది. వేలికి కట్టు కట్టుకునే కంగారులో విరిగిన ఇనుప ముక్కను తడి చేసిన తోలు మీదే వదిలేశాను. పొద్దునకు దాని చుట్టూ నల్లటి మచ్చ. చెట్టు చెక్కతో తయారైన తోలులో టానిన్ ఉంటుంది, తడిలో దానికి ఇనుము తగిలితే నల్లబడుతుంది. మన తంగేడు చెక్క వందల ఏళ్లుగా దక్షిణాదిలో తోళ్లను నిలబెట్టింది ఈ టానిన్ వల్లే. చెన్నై పెరియమేట్ నుంచి ఏరి తెచ్చుకున్న ముక్క అది. పారేయాల్సి వచ్చింది.

నాలుగో ఆరెను నేనే సన్నం చేద్దామని కరెంటు సానరాయికి పెట్టాను. నిప్పురవ్వలు చూసి సంబరపడ్డాను. క్షణాల్లో కొస నీలంగా మారింది. ఉక్కు ఆ రంగుకు వచ్చిందంటే అంతకుముందు పెట్టిన గట్టిదనం దిగిపోయిందని అర్థం. తర్వాత అది తోలులోకి దిగకుండా తీగలా వంగింది. ఐదోసారి ఆరెనే మానేసి, లావుపాటి కుట్టుసూదిని చెక్కపిడిలో బిగించాను. గుండ్రటి సూది తోలును కోయదు, పక్కలకు నెడుతుంది. నెట్టిన తోలు వెనక వైపు పొక్కులా ఉబ్బింది. క్రోమ్ తోలు మీద ప్రయత్నిస్తే అది రబ్బరులా మూసుకుపోయి, సూదిని పటకారుతో లాగాల్సి వచ్చింది.

ఇంతకన్నా పెద్ద తెలివితక్కువతనం వీటి మధ్యలో జరిగింది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా బ్యాంకు వీధి చివర చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు. వయసులో నాకన్నా పదేళ్లు పెద్ద. నాలుగో ఆరె పాడైన రోజుల్లోనే, తెగిన పట్టీని ఆయన దగ్గరికి తీసుకెళ్లి, ‘ఇది కుట్టగలవా?’ అన్నాను. అవును, నువ్వనే పిలిచాను. ఆయన పట్టీ అందుకుని వెనక వైపు తిప్పి చూశాడు.

‘ఎవరు కుట్టారు సార్?’

‘నేనే.’

‘ఆరె ఉందా? చూపించండి.’

సంచిలోంచి మొదటి ఆరె తీసి ఇచ్చాను. కొసను బొటనవేలి గోరు మీద ఆనించి ఒక్కసారి జరిపాడు. పక్కనున్న మైనం ముద్దలో గుచ్చి తీశాడు. తోలు పేడు మీద పెట్టి నొక్కాడు.

‘ఇది మొద్దు సార్. మొద్దు కాబట్టి గట్టిగా నొక్కారు. గట్టిగా నొక్కితే మొదలంటా దిగిపోద్ది. సగం దించితే చాలు కదా!’

పాఠమంతా అదే. ఆరె కొస నుంచి పిడి దాకా ఒకే వెడల్పుతో ఉండదు, పోనుపోను వెడల్పవుతుంది. గాటు ఎంత పడాలన్నది మనం ఎంత లోతుకు దించామన్నదే తేలుస్తుంది. నేను కొన్న మొదటి ఆరెతోనే, కొస నుంచి సగం దాకా దించి ఉంటే, 1.4 మి.మీ. గాటు పడేది. లావు ఆరె ఒక్కటే ఎన్నో సన్నటి ఆరెల పని చేస్తుంది, దించే చెయ్యి ఆగితే.

నేనేమన్నాను? ‘ఇది వేరే పద్ధతిలే, రెండు సూదుల కుట్టు, నీకు తెలియదు’ అన్నాను. ఆయన వాడే ఆరెకు కొస దగ్గర చిన్న గాడి ఉంటుంది, దారాన్ని ఉచ్చులా పట్టి పైకి లాగుతుంది. నాది జీను కుట్టు, ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, రెండూ ఒకే గాటులోంచి ఎదురెదురుగా దూరతాయి. పద్ధతులు వేరన్న మాట నిజమే. పదునూ లోతూ మాత్రం రెండింటికీ ఒకటే. పట్టీ తీసుకుని వచ్చేశాను. సూదిని పిడిలో బిగించే పనికి దిగింది ఆ తర్వాతే.

నాకు అప్పటికి ఆరె అన్న మాట ఉందని కూడా సరిగా తెలియదు. ఆర్డరు పెట్టేటప్పుడు ఇంగ్లిషు పేరే. నేను పుట్టిన ఊళ్లో, మా ఇంటికి రెండు వీధుల అవతల, ఆ పనిముట్టుతో బతికిన వాళ్లున్నారు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ పలకలేదు, నేనూ అడగలేదు. నా షెల్ఫులో మాత్రం 1977లో వచ్చిన ఆల్ స్టోల్‌మన్ పుస్తకం, ‘ది ఆర్ట్ ఆఫ్ హ్యాండ్ సూయింగ్ లెదర్’ ఉంది. తోలు చేతికుట్టుకు అంత శ్రద్ధగా బొమ్మలు వేసి చెప్పిన పుస్తకం అది. ఆరెకు పదును పెట్టడం అందులోనూ ఉంది. ఆ పేజీలు దాటేసి కుట్టు బొమ్మల దగ్గరికి పోయాను.

ఇప్పుడు కొత్త ఆరె వస్తే ముందు తోలు జోలికి పోను. కొత్తది చాలాసార్లు పూర్తి పదునుతో రాదు. 1000 నంబరు నీటిరాయి మీద నాలుగు ముఖాలూ, తర్వాత 3000 మీద, చివరికి ఆకుపచ్చ పాలిష్ పూసిన తోలుముక్క మీద అద్దంలా మెరిసేదాకా. కొసలో గరుకు మిగిలితే అది తోలును పీకుతుంది. చేతిలో పిడి పొట్టిగా, అరచేతికి ఆనేలా ఉండాలి. ఒక మి.మీ. మందం మేకతోలుకు 0.45 మి.మీ. లినెన్ దారం వాడుతున్నాను. ఒక్కో గాటులో దారం రెండుసార్లు పోవాలి, రెండోసారి సూది కూడా దాని పక్కనుంచి దూరాలి. ఆ దూరడానికి కొంచెం బిగువు తగలాలి. అప్పుడే తోలు దారాన్ని కరిచి పట్టుకుంటుంది. ఆరె మీద 1.4 మి.మీ. వెడల్పు ఉన్నచోట దారం చుట్టి పెట్టుకున్నాను. దారం తోలుకు తగలగానే చెయ్యి ఆగుతుంది.

గడియారం బాగయింది. మళ్లీ పట్టీ కుట్టాను, ఆ మొదటి ఆరెతోనే. పోయిన నెల ఆ చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లి, ‘ఒకసారి చూడండి’ అన్నాను. నన్ను గుర్తుపట్టలేదు. కళ్లజోడు పెట్టుకుని, పట్టీని వెనక్కి తిప్పి, అడ్డ వరస మీద గోరుతో నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చి, నాలుగో కుట్టు దగ్గర ఆపాడు.

‘ఇక్కడ కొంచెం లోతుకు దిగింది.’

కుడుతున్నప్పుడే ఆ గాటు నాకు తెలిసింది. అప్పుడు ఫోను మోగింది.

‘విప్పి మళ్లీ కుట్టనా?’ అని అడిగాను.

‘వద్దు, గాటు పడ్డాక పడ్డట్టే. విప్పితే ఇంకా సాగుద్ది,’ అంటూ మైనం ముద్ద అందుకుని ఆ కుట్టు మీద రెండుసార్లు రుద్ది, సుత్తి మడమతో మెల్లగా తట్టి ఇచ్చాడు.